గీత ఎక్కడికి పోతుంది?

ఆ సాయంత్రం ట్యూబులైటు వెలుతురులో నల్లని అంబాసడర్ బానెట్టు నిలువుటద్దంలా ఉంది. కుర్రవాడు బఫింగు మిషను ఆపి, చెమట తుడుచుకొని, మేనమామ ముఖంలోకి చూశాడు. మెప్పు వస్తుందని ఆశించాడు కాబోలు. పెయింటరు బానెట్టు చుట్టూ ఒకసారి తిరిగి, "పొద్దున్న ఎండలో చూద్దాంరా" అని మాత్రం అన్నాడు.

జగదల్‌పూర్ నుంచి గీదం వైపు పోయే రోడ్డు పక్కన ఆయనది రేకుల షెడ్డు. విజయనగరం నుంచి సాలూరు ఘాటు ఎక్కి, కోరాపుట్, జయపురం దాటి బస్తరులో ప్రవేశించే రహదారికి ఒకప్పుడు 43 అని నంబరు. ఆ దారినే లారీల వెంట వచ్చి ఇక్కడ నిలిచిపోయిన తెలుగువారిలో ఆయన ఒకడు. అంబాసడర్ మరొక తెలుగువారిది. బైలదిల్లా కొండల్లో 1968లో ఇనుప ఖనిజం తవ్వకం మొదలైన తరువాత కిరందుల్, బచేలీ ఊళ్ళకు ఆంధ్రదేశం నుంచి చాలామంది ఉద్యోగాలకు వచ్చారు. మాస్టారు కిరందుల్‌లో పాఠాలు చెప్పి రిటైరైనారు. ఆ కార్ల తయారీ 2014లోనే ఆగిపోయింది. తన కారును మాత్రం ఆయన వదలలేదు. పెయింటు వెలిసిపోతే కొత్తగా వేయించి, దానిలోనే విజయనగరం వెళ్ళి రావాలని ఆయన కోరిక. మర్నాడు పది గంటలకు బండి తీసుకుపోతానని కబురు కూడా పంపారు. మిగిలిన సొమ్ము అప్పుడే ఇస్తారు. ఆ సొమ్ముతో షెడ్డు అద్దె కట్టవలసి ఉంది.

గన్నుతో కొట్టిన పెయింటు ఎంత నేర్పుగా కొట్టినా ఆరిన తరువాత నారింజ తొక్కలా సన్నని గతుకులు మిగులుతాయి. బస్తరు ఎర్రమట్టి నలుసులు అక్కడక్కడ అంటుకొనే ఉంటాయి. వాటిని నీళ్ళు పోస్తూ వాటర్ పేపరుతో రుద్ది చదును చేస్తారు. ఈ కాగితానికి వెనుక చిన్న కథ ఉన్నది. పూర్వం అంతా పొడిగానే రుద్దేవారు. లేచిన ధూళి పనివాళ్ళ ఊపిరితిత్తుల్లోకి పోయేది. ఫిలడెల్ఫియాలో సిరా తయారుచేసే ఫ్రాన్సిస్ ఓకీ అనే ఆయన నీటిలో నానినా రవ్వ ఊడని కాగితం కనిపెట్టాడు. అమెరికాలోని త్రీఎం కంపెనీ 1921లో దానిని అంగళ్ళకు తెచ్చింది. ధూళి నీటితో పోయింది, రుద్దుడు నునుపైంది. ఆ కాగితం నమూనాలు పట్టుకొని కార్ల షెడ్లు తిరిగిన రిచర్డ్ డ్రూ అనే కుర్ర ఉద్యోగి, రెండు రంగుల మధ్య గీటు సరిగా రాక పెయింటర్లు పడే తంటా చూసి, 1925లో మాస్కింగు టేపు కనిపెట్టాడు. పెయింటరు ఈ కథ విని ఉండడు. అయితేనేం, ఆ ఇద్దరి సరుకూ ఆయన బల్ల మీద రోజూ పక్కపక్కనే ఉంటుంది.

కాగితం మీద నంబరు పెరిగినకొద్దీ రవ్వ సన్నబడుతుంది. 1500 నంబరు కాగితంలో రవ్వ సుమారు 12 మైక్రాన్లు, 2000లో సుమారు 10. మిల్లీమీటరులో వెయ్యోవంతు ఒక మైక్రాను. మనిషి తలవెంట్రుక మందం 70 మైక్రాన్ల దరిదాపుల్లో ఉంటుంది. ఇంత సన్నని రవ్వ అయినా గీత గీయకుండా ఊరుకోదు. రుద్దిన బానెట్టు మెరుపు చచ్చి, మంచు పట్టినట్టు తెల్లగా మసకబారుతుంది. ఆ గీతలు పోగొట్టడానికే బఫింగు మిషను, ఉన్ని ప్యాడు, కాంపౌండు.

పోగొట్టడం అనేది మాట వరుసకే. గీత ఒక చిన్న లోయ. దానిని పూడ్చే మందు లేదు. చుట్టూ ఉన్న నేలను లోయ అడుగుదాకా దించవలసిందే. అప్పుడిక లోయ అనేది ఉండదు, అంత మందం పెయింటు కూడా ఉండదు. రంగు మీద వేసిన క్లియర్ కోటు మొత్తం కలిపినా వెంట్రుక మందానికి లోపే. దానిలో కొంత కాగితం తింటుంది, కొంత మిషను తింటుంది. అంచుల దగ్గర మరీ కష్టం. తడి పెయింటు అంచు మీద నిలవక పక్కలకు జారుకుంటుంది. అందుచేత అక్కడ పొర మొదటి నుంచీ పలచనే. మిషను అక్కడ రెండు క్షణాలు ఎక్కువ నిలిచిందా, వేడికి పొర కాలి కింది ప్రైమరు తెల్లగా బయటపడుతుంది. అందుకే అనుభవజ్ఞులు అంచులకు టేపు అంటించి గాని మిషను అందుకోరు.

తెల్లవారి కారును వాకిట్లోకి నెట్టి, ఎండ ఏటవాలుగా పడేలా తిప్పారు. పెయింటరు నీళ్ళలో కొంచెం స్పిరిటు కలిపి, మెత్తని గుడ్డతో బానెట్టు తుడిచాడు. గుడ్డ వెళ్ళిన దారినే గీతలు లేచాయి. ఒకటి రెండు కావు, అరచేతి వెడల్పున వంపు తిరిగిన కట్ట. కాంపౌండులోని నూనె రాత్రంతా వాటిలో నిండి కూర్చొని కంటికి కనబడనీయలేదు.

"గుడ్డ కింద పడిందా?"

కుర్రవాడు తల వంచుకున్నాడు. పడింది. కడగకుండా మళ్ళీ వాడాడు. ఒక్క ఇసుక రవ్వ చాలు.

మళ్ళీ నూనె కాంపౌండు పూసి ఇచ్చేస్తే మాస్టారు కనిపెట్టలేరు. కారు రెండుసార్లు కడిగేదాకా ఎవరూ కనిపెట్టలేరు. అప్పటికి బండి విజయనగరంలో ఉంటుంది. ఈ సంగతి పెయింటరుకు తెలుసు. కుర్రవాడికీ అప్పుడే తెలిసింది. ఆశగా చూశాడు. పెయింటరు కాంపౌండు డబ్బాకు మూత పెట్టాడు.

మాస్టారు వచ్చేసరికి బానెట్టు అలాగే ఉంది. జరిగినది దాచకుండా చెప్పి, ఇంకా రెండు రోజులు గడువు కావాలన్నాడు పెయింటరు. మాస్టారి ముఖం చిన్నబోయింది. కొంతసేపటికి ఆయనే ఊరడింపుగా, "కొండగావ్‌లో ఘడవాలు పోతపోసిన ఇత్తడి బొమ్మలు చూశావా? మైనపు దారం చుట్టిన గీతలన్నీ ఇత్తడి మీద అలాగే వస్తాయి. వాటికోసమే కదా డబ్బిచ్చి కొంటున్నాం!" అన్నారు.

"అవి వాళ్ళు కోరి పెట్టిన గీతలు మాస్టారూ. ఇవి మా అజాగ్రత్త."

బల్లపరుపు చోట 2000, ఆపైన 3000 నంబరు కాగితం, కొత్త నీళ్ళు, కొత్త గుడ్డ. తరువాత ఉన్ని ప్యాడు, ఆఖరున మెత్తని స్పాంజి ప్యాడు. ఈసారి కుర్రవాడికి మిషను ఇవ్వలేదు. మూడోనాడు ఎండలో బానెట్టు మీద ఎదుటి వేపచెట్టు ఆకు ఆకునా కనిపించింది. ముందు అంచు దగ్గర మాత్రం రెండు గీతలను ఆయన ముట్టుకోలేదు.

తాళం చెవి ఇచ్చేముందు మాస్టారిని చేయి పట్టుకొని అక్కడికి తీసుకువెళ్ళి, వేలు పెట్టి చూపించాడు. "ఇక్కడ పొర మిగల్లేదు. తీస్తే ప్రైమరు బయటపడుతుంది. వీటికి తగ్గించి ఇవ్వండి" అన్నాడు.

మాస్టారికి ఏమీ కనబడలేదు. కళ్ళజోడు తీసి పంచె చెరగుతో తుడుచుకొని, వంగి మళ్ళీ చూశారు. ఈసారి కనబడ్డాయి.