కుముదిని ఆస్పత్రి చెప్పే చరిత్ర

ఢాకాకు వాయవ్యంగా, టాంగాయిల్ జిల్లా మీర్జాపూర్‌లో, లౌహజంగ్ నది ఒడ్డున కుముదిని ఆస్పత్రి ఉంది. వ్యాపార కుటుంబాలు కట్టించిన ఆస్పత్రులు ఉపఖండంలో ఎన్నో ఉన్నాయి. వాటిలో చాలావాటి ముఖద్వారం మీద దాత పేరో, ఆయన సంస్థ పేరో ఉంటుంది. ఇక్కడ ఉన్నది వైద్యం అందక మరణించిన ఒక సామాన్య గృహిణి పేరు. ఈ ఆస్పత్రి కథను దాతృత్వ గాథగా చదివి ఊరుకుంటే సగమే తెలుస్తుంది. సంపదకూ రాజ్యానికీ మతానికీ మధ్య దక్షిణాసియాలో నడిచిన వ్యవహారమంతా మిగతా సగంలో ఉంది.

రణదాప్రసాద్ సాహా 1896లో జన్మించారు. ఆయనకు ఏడేళ్లున్నప్పుడు తల్లి కుముదిని ప్రసవానంతరం ధనుర్వాతం సోకి చనిపోయారు. ఆనాటి తూర్పు బెంగాల్ పల్లెల్లో బాలింతల మరణం వార్త కాదు. నిరుపేద బాల్యం నుంచి బయటపడిన ఆ కుర్రవాడు మొదటి ప్రపంచయుద్ధంలో బెంగాల్ అంబులెన్స్ దళంతో మెసపొటేమియా వెళ్లారు. తిరిగి వచ్చాక రైల్వేలో టికెట్ కలెక్టరుగా పనిచేశారు. 1932లో ఆ ఉద్యోగం వదిలి బొగ్గు వ్యాపారంలోకి దిగారు. అక్కడి నుంచి నదీ రవాణాకు, తర్వాత నారాయణగంజ్ జనపనార వర్తకానికి విస్తరించారు. తల్లి పేరిట ఆస్పత్రి పనులు 1938లో మొదలయ్యాయి. 1944 జూలైలో బెంగాల్ గవర్నర్ కేసీ దానిని ప్రారంభించారు. బెంగాల్ కరవు లక్షల ప్రాణాలు తీసి ఏడాదైనా గడవని కాలమది.

అసలు విశేషం 1947లో జరిగింది. సాహా తన వ్యాపారాలన్నిటినీ కుముదిని సంక్షేమ ట్రస్టుకు అప్పగించారు. లాభంలో కొంత భాగం ఆస్పత్రికి ఇవ్వడం వేరు, వ్యాపారాన్నే ఆస్పత్రి సొత్తుగా మార్చడం వేరు. మొదటి పద్ధతిలో యజమాని మనసు మారినా, వారసుల లెక్కలు మారినా ధార తగ్గిపోతుంది. రెండో పద్ధతిలో యజమాని తన సొంత సంస్థలోనే నిర్వాహకుడిగా మిగులుతాడు. గాంధీజీ ధర్మకర్తృత్వ సిద్ధాంతం గురించి మన రాజకీయ వేదికల మీద విన్నంతగా ఆచరణలో చూడలేదు. నారాయణగంజ్ వర్తకుడొకరు దానిని దస్తావేజుగా రాసి ఇచ్చారు.

అదే సంవత్సరం దేశం రెండుగా చీలింది. తూర్పు బెంగాల్ నుంచి హిందూ జమీందార్లు, వకీళ్లు, వర్తకులు పెద్ద సంఖ్యలో కలకత్తా దారి పట్టారు. సాహా వెళ్లలేదు. మీర్జాపూర్‌లో ఆస్పత్రి, బాలికల చదువు కోసం స్థాపించిన భారతేశ్వరీ హోమ్స్, టాంగాయిల్‌లో తల్లి పేరిట మహిళా కళాశాల ఉన్నాయి. వాటిని ఓడ మీద ఎక్కించి తీసుకుపోలేరు కదా! 1965 యుద్ధం తర్వాత పాకిస్తాన్ ప్రభుత్వం తెచ్చిన శత్రు ఆస్తుల ఉత్తర్వు తూర్పు బెంగాల్ హిందువుల భూములకు ఉచ్చుగా మారింది. ఆ వాతావరణంలోనూ ఆయన అక్కడే ఉన్నారు. అక్కడికి వచ్చే రోగుల్లో అత్యధికులు ముస్లిం రైతు కుటుంబాల వారే.

1971 మే 7న పాకిస్తాన్ సైన్యం, దాని స్థానిక సహచరులు నారాయణగంజ్‌లో సాహానూ ఆయన కుమారుడు భవానీప్రసాద్‌నూ పట్టుకుపోయారు. ఆ తర్వాత వారిద్దరూ ఎవరికీ కనిపించలేదు. మీర్జాపూర్ గ్రామం మీద దాడి జరిగి అనేకులు హతులైందీ అదే రోజున. ఆ కేసులో నిందితుడైన ఒక స్థానికుడికి బంగ్లాదేశ్ యుద్ధనేరాల ట్రైబ్యునల్ 2019 జూన్‌లో మరణశిక్ష విధించింది. నేరానికీ తీర్పుకూ మధ్య 48 ఏళ్లు గడిచాయి.

దాత పోయినా ఆస్పత్రి మూతపడలేదు. 1947 నాటి దస్తావేజు విలువ అప్పుడే తెలిసింది. ఆస్తి వ్యక్తి పేరిట ఉండి ఉంటే దానికీ ఎన్నో హిందూ కుటుంబాల ఆస్తులకు పట్టిన గతే పట్టి ఉండేదేమో. ట్రస్టు పేరిట ఉన్నందున కుటుంబం దానిని నడపగలిగింది. 2001లో మహిళా వైద్య కళాశాల కూడా మొదలైంది.

భారతదేశంలో 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ పెద్ద కంపెనీలు సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టాలని నిర్దేశించింది. ఆ డబ్బుతో మంచి పనులు జరిగాయి, కాదనలేం. అయితే ఆ ఖర్చు ఏటేటా పంచే పద్దుగా, వార్షిక నివేదికలో ఫొటోగా ముగిసిపోయే సందర్భాలూ తక్కువ కాదు. ఆస్పత్రికి కావలసింది ఒక ఏడాది విరాళంగా వచ్చే స్కానింగ్ యంత్రం ఒక్కటే కాదు. ఆ యంత్రాన్ని నడిపే సాంకేతిక నిపుణుడికి పదేళ్లపాటు జీతం కావాలి, రాత్రి డ్యూటీకి నర్సు కావాలి, మందుల బిల్లు కట్టాలి. దీర్ఘకాలపు దాత ఏం చేయగలడో మీర్జాపూర్ చూపింది.

అయినా సాహా ఉదాహరణను చూపి ప్రభుత్వాలు చేతులు దులుపుకోవడానికి వీల్లేదు. ఒక వర్తకుడికి తల్లి మరణం గుర్తుంటేనే ఒక తాలూకాకు ఆస్పత్రి వస్తుందంటే, గుర్తుపెట్టుకునేవాడు లేని తాలూకాల సంగతేమిటి? ప్రజారోగ్య వ్యయాన్ని 2025 నాటికి జాతీయోత్పత్తిలో 2.5 శాతానికి చేరుస్తామని 2017 జాతీయ ఆరోగ్య విధానం ప్రకటించింది. గడువు వచ్చింది, లక్ష్యం మాత్రం అందలేదు. దాత ఇచ్చేది దయ. పౌరుడు రాజ్యాన్ని అడిగేది హక్కు.

2024 ఆగస్టులో ఢాకాలో ప్రభుత్వం కూలిన తర్వాత బంగ్లాదేశ్ హిందువుల భద్రత మన ఎన్నికల ప్రసంగాల్లోకి మళ్లీ వచ్చింది. ఆ ఆందోళనకు ఆధారాలున్నాయి. కానీ అక్కడి హిందువులు మన వేదికల మీద కేవలం బాధితుల సంఖ్యగానే వినిపిస్తారు. ఆ దేశాన్ని నిర్మించిన వారిలో వారూ ఉన్నారన్న మాట ఇక్కడా వినిపించదు, అక్కడి మతవాదులకూ రుచించదు. 1978లో సాహాకు మరణానంతరం స్వాతంత్ర్య పురస్కారం ఇచ్చినప్పుడు బంగ్లాదేశ్ రాజ్యం ఆ మాటను అధికారికంగా ఒప్పుకుంది. కుముదిని వార్డుల్లో పుట్టిన బిడ్డల తల్లులకు దానిని విడిగా చెప్పవలసిన అవసరం ఎన్నడూ రాలేదు.