పక్క మార్చడం

కుక్క చేత ఉచ్చ పోయించడం మీలో ఎంతమందికి వచ్చు? నాకు వచ్చు. నవ్వకండి. నాలుగు సెమిస్టర్లలో చదివినవన్నీ మర్చిపోతానేమో గానీ ఇది మాత్రం మర్చిపోను.

మా కుక్క పేరు గూడ్సు. జాతి డాక్స్‌హండ్. నేను ఇంటర్లో చేరిన కొత్తలో నాన్న స్నేహితుడొకాయన బదిలీ మీద వెళ్తూ మాకిచ్చిపోయాడు. జానెడు కాళ్ళు, బారెడు ఒళ్ళు చూసి మా నాయనమ్మ "ఇదేం కుక్కరా, గూడ్సు బండిలాగుంది" అంది. ఇక అదే పేరు. ఆ తర్వాత రెండు నెలలకే నాయనమ్మకి పక్షవాతం వచ్చింది. రెండేళ్ళు మంచంలోనే ఉండి, నేను ఇంజనీరింగ్‌లో చేరిన నెలకి పోయింది.

మొన్న ఏప్రిల్ చివర్లో, ఇంకొక్క పరీక్ష ఉందనగా అమ్మ ఫోన్ చేసింది. "గూడ్సు వెనక కాళ్ళు ఈడుస్తోందిరా." ముందురోజు సాయంత్రం సోఫా ఎక్కబోయి కుయ్యిమందట. పొద్దున లేచేసరికి నడుం కింద భాగం పడిపోయింది. ఖమ్మంలో చూసిన డాక్టర్ ఆలస్యం చెయ్యొద్దు, వెంటనే హైదరాబాద్ తీసుకెళ్ళమన్నాడు. నాన్న కారు మాట్లాడుకుని రెండు వందల కిలోమీటర్లు ఒళ్ళో పెట్టుకుని తీసుకొచ్చాడు. నేను పరీక్ష రాసి నేరుగా ఆస్పత్రికి వెళ్ళాను.

అక్కడ డాక్టర్ గారు చేసిన మొదటి పని దాని వెనక కాలి వేలిని పటకారులాంటి దాంతో గట్టిగా నొక్కడం. గూడ్సు తల తిప్పి గుర్రుమంది. మాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, ఆయన మాత్రం "గుడ్" అన్నారు. కాలు వెనక్కి లాక్కోవడం ఒక్కటే లెక్కలోకి రాదట. అది వెన్నుపాము స్థాయిలోనే జరిగిపోయే రిఫ్లెక్స్. తల తిప్పి చూసిందంటే నొప్పి మెదడు దాకా చేరుతోందని అర్థం. అలాంటి కుక్కల్లో ఎక్కువ శాతం ఆపరేషన్ తర్వాత మళ్ళీ నడుస్తాయన్నారు. ఆ నొప్పి కూడా తెలియకపోతే ఆశ సగం సగమే.

మెకానికల్ వాళ్ళకి తేలిగ్గా అర్థమయ్యేలా చెప్తాను. వెన్నుపూసల మధ్య ఉండే డిస్క్ ఒక షాక్ అబ్జార్బర్. లోపల జెల్లీ, చుట్టూ గట్టి నారపొర. డాక్స్‌హండ్‌లలో ఆ జెల్లీ ఏడాది వయసు నుంచే ఎండిపోయి సున్నంలా గట్టిపడుతూ వస్తుంది. ఏదో ఒకరోజు పొర చిట్లి, ఆ ముక్క పైకి తన్నుకొచ్చి వెన్నుపామును నొక్కేస్తుంది. ఇది ఎక్కువగా పక్కటెముకల వరస అయిపోయే చోట జరుగుతుంది. 2017లో శాస్త్రవేత్తలు దీని మూలం పట్టుకున్నారు. ఎఫ్‌జీఎఫ్4 అనే జన్యువుకి 12వ క్రోమోజోమ్ మీద ఒక అదనపు నకలు ఉంటుంది. కాళ్ళు పొట్టిగా ఉండటంలో దానికి భాగముంది, డిస్కులు ముందే ముసలివైపోవడానికీ అదే కారణం. అంటే మనం ముద్దొస్తోందని మురిసిపోయే ఆకారంలోనే జబ్బు కూడా ఉందన్నమాట.

బిస్కెట్ చూపించి దాన్ని రెండు కాళ్ళ మీద నిలబెట్టి రీల్స్ తీసింది నేనే. "దానివల్లేనా సార్?" అని అడిగాను. "అది లేకపోయినా వచ్చేదేమో. ఇకమీదట మాత్రం వద్దు" అన్నారు. ఆ "ఏమో" నన్ను చాలా రోజులు పట్టుకుంది.

ఎమ్మారై తీశారు. వెన్నుపూస పక్కన ఎముకలో చిన్న కిటికీలా తెరిచి ఆ ముక్కని తీసేశారు. అన్నీ కలిపి లక్షకి కాస్త తక్కువైంది. నాన్న కొత్త బండికని దాచిన డబ్బు. "కుక్కకి లక్షా?" అని మా వీధిలో అడగనివాళ్ళు లేరు. నాన్న ఎవరికీ జవాబు చెప్పలేదు.

నాలుగోరోజు ఇంటికి తెచ్చుకున్నాం. ఆపరేషన్ డాక్టర్లది, మిగతాదంతా మాది. ఆరు వారాలు బోనులోనే ఉంచాలి. బయటికి తీస్తే పొట్ట కింద టవల్ వేసి, వెనక భాగాన్ని మోస్తూ నాలుగడుగులు వేయించి మళ్ళీ లోపల పెట్టాలి. మెడకి పట్టీ వద్దు, ఛాతీకి కట్టే బెల్టే వాడాలి. రోజుకి మూడుసార్లు వెనక కాళ్ళు ఒక్కొక్కటీ సైకిల్ తొక్కించినట్టు మెల్లగా ముడిచి చాపాలి. ఒకే పక్కన పడుకుంటే పుండ్లు పడతాయి కాబట్టి నాలుగు గంటలకోసారి పక్క మార్చాలి. టైల్స్ మీద జారకుండా ఇల్లంతా గోనె సంచులు, నా పాత యోగా మ్యాట్ పరిచాం. ఖమ్మంలో మే నెల ఎండ సంగతి మీకు తెలుసుగా, హాల్లో కూలర్ దానికే పెట్టేశాం.

అన్నిటికన్నా కష్టం ఉచ్చ. రోజుకి మూడు నాలుగుసార్లు పొట్ట కింద రెండు వైపులా అరచేతులు పెట్టి, మూత్రాశయం ఎక్కడుందో తడిమి, మెల్లగా నొక్కి ఖాళీ చేయించాలి. ఆస్పత్రిలో నాకు చూపించి మరీ పంపారు. మొదటిరోజు ఎంత తడిమినా నాకేమీ దొరకలేదు. రాత్రి చూస్తే పక్కగుడ్డ తడిసి ఉంది. "అమ్మా, అదే పోసుకుందే!" అని ఎగిరి గంతేశాను.

అమ్మ వచ్చి కింద కూర్చుంది. పొట్ట మీద చెయ్యి పెట్టి చూసింది. "పోసుకోలేదురా. నిండి పొర్లింది. లోపల రాయిలాగుంది చూడు" అంది. నా చేతిని పట్టుకుని సరైన చోట పెట్టింది. నిజంగానే బత్తాయంత గట్టిగా తగిలింది. ఇద్దరం కలిసి నొక్కితే అప్పుడు వచ్చింది ధార.

"నీకెట్లా తెలుసు?"

"మీ నాయనమ్మకి కూడా మొదట్లో ఇట్లనే అయింది. తడుస్తోంది కదా అని నేనూ నీలాగే అనుకున్నా. జ్వరమొచ్చాక తెలిసింది."

ఆ మాటకి నా దగ్గర సమాధానం లేదు. ఎందుకంటే ఆ జ్వరం సంగతే నాకు తెలియదు.

తర్వాత రోజుల్లో గమనించాను. ఏదీ అమ్మకి కొత్త కాదు. తడి తుడిచాక పూర్తిగా ఆరనిచ్చి అప్పుడు మళ్ళీ పడుకోబెట్టాలని, తిప్పేటప్పుడు కాళ్ళు పట్టి లాగకుండా భుజం, తుంటి రెండూ కలిపి ఎత్తాలని, తుంటి ఎముక మీద చర్మం ఎర్రబడిందేమో రోజూ చూడాలని అన్నీ తనే చెప్పింది. అవన్నీ మా ఇంట్లోనే, నా పక్కగదిలో, రెండేళ్ళు జరిగాయి. అప్పుడు నాకు ఎంసెట్. తలుపేసుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని చదువుకునేవాణ్ణి. "వాడిని డిస్టర్బ్ చెయ్యకండి" అని అందరికీ చెప్పింది కూడా అమ్మే.

ఒకరోజు రాత్రి రెండింటికి అలారం మోగితే లేచాను. నాకంటే ముందే అమ్మ బోను దగ్గర ఉంది. "అలారం పెట్టుకున్నావా?" అంటే, "నాకు అలారం ఎందుకురా, ఆ టైముకి మెలకువ వచ్చేస్తది" అంది. నాయనమ్మ పోయి రెండేళ్ళు కావస్తోంది. అమ్మ ఒంట్లో ఆ టైము ఇంకా అట్లాగే ఉంది.

గూడ్సు సంగతికొస్తే, తొమ్మిదోరోజున నాన్న చెప్పుల చప్పుడుకి తోక కదిపింది. రెండువారాలకి కుట్లు తీశారు. మూడోవారంలో టవల్ వదిలితే రెండు సెకన్లు నిలబడి కూలబడింది. పాదం మడిచి పెట్టినా పట్టించుకోని కుక్క, నాలుగోవారంలో తనంతట తానే తిప్పుకుంది. ఉచ్చ కూడా తనే పోసుకోవడం మొదలెట్టింది. అసలు కష్టం అప్పుడు మొదలైంది. బాగున్నాననుకుని బోను తలుపు గీకేది, ఏడ్చేది. తెరవకూడదు. పరిగెత్తితే చేసిందంతా పోతుంది. తినడానికి తప్ప నా ముఖం చూడ్డం మానేసింది. ఫర్వాలేదనుకున్నాను.

ఆరువారాలకి తలుపు తీశాం. గతుకుల రోడ్డు మీద ఆటోలాగా ఊగుతూ, వెనక కాళ్ళు ఒకదానికొకటి అడ్డం పడుతూ, హాలు దాటి వంటింట్లో అమ్మ దగ్గరికి వెళ్ళింది. ఇప్పటికీ అట్లాగే ఊగుతుంది. సోఫా దగ్గర అట్టపెట్టెతో వాలు చేసి పెట్టాం. రీల్స్ లేవు.

అది వంటింట్లోకి వెళ్ళిన రోజే, దాన్ని ఎత్తుకోబోయి అమ్మ "అబ్బా" అని నడుం పట్టుకుంది. అమ్మకి నడుం నొప్పి అని చిన్నప్పట్నుంచీ వింటున్నట్టే ఉంటుంది నాకు. అందుకే ఎప్పుడూ అడగలేదు. ఆరోజు అడిగాను.

"ఎప్పట్నుంచి?"

"మీ నాయనమ్మని ఎత్తీ దించీ... అప్పట్నుంచే."

"ఎక్స్‌రే తీయించావా?"

"జండూబామ్ రాస్తే తగ్గుతది లేరా."

లక్ష రూపాయలు పెట్టి కుక్క వెన్ను ఫొటో తీయించాం. అది తప్పని నేననను, మళ్ళీ అవసరమొస్తే మళ్ళీ తీయిస్తాం. కానీ అదే ఇంట్లో ఇంకొక వెన్ను ఉందని ఎవరికీ గుర్తు లేదు.

మీ ఇంట్లో పొడుగాటి కుక్క ఉంటే దూకనివ్వకండి. కాళ్ళు ఈడిస్తే నూనె రాస్తూ కూర్చోకుండా అదే రోజు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. ఇది రాయమని గూడ్సు తరఫున చెప్తున్నాను.

దసరా సెలవులకి ఇంటికి వెళ్తున్నాను. ఎముకల డాక్టర్ దగ్గర అమ్మ పేరు రాయించాను. రాత్రి ఫోన్‌లో చెప్తే, "పండగ పూట ఆస్పత్రేందిరా, బోలెడు పనుంది" అంది. పని నేను చేస్తానన్నాను. "నీకేం పని వచ్చు?" అని నవ్వింది.

పక్క మార్చడం వచ్చని చెప్పాను.