ఖాళీ సీటు ప్రయాణం

షోరూముల్లో క్వాంటమ్ డాట్ టీవీ అని స్టిక్కర్ అంటించి అమ్ముతుంటారు కదా, ఆ తెర వెనక ఒక పల్చటి పొర ఉంటుంది. అందులో కొన్ని నానోమీటర్ల సైజు అర్ధవాహక స్ఫటికాలు. వెనకనుంచి నీలి కాంతి పడగానే స్ఫటికంలో ఒక ఎలక్ట్రాన్ పై మెట్టుకి ఎగురుతుంది, అది ఉన్న చోటు ఖాళీ అవుతుంది. ఎక్కువసేపు పట్టదు, కొన్ని పదుల నానోసెకన్లు. ఎలక్ట్రాన్ మళ్ళీ ఆ ఖాళీలోకే పడుతుంది. పడేటప్పుడు ఎరుపో ఆకుపచ్చో వెలుగు వదులుతుంది. ఏ రంగన్నది చాలావరకూ స్ఫటికం సైజే తేలుస్తుంది. టీవీ కంపెనీకి కావలసిందల్లా ఆ రెండూ మళ్ళీ కలవడమే.

మా చెల్లెలు ఐదేళ్ళుగా చేస్తున్న పీహెచ్‌డీ దీనికి సరిగ్గా ఎదురు. ఆ రెండిటినీ కలవనివ్వకూడదు. కలిస్తే వెలుగో వేడో వచ్చి పోతుంది, అంతే. విడిగా ఉంచగలిగితే ఎలక్ట్రాన్ చేత నీటిలోంచి హైడ్రోజన్ తీయించొచ్చు. ఎండతో ఇంధనం.

2023లో కెమిస్ట్రీ నోబెల్ ఈ స్ఫటికాలకే వచ్చింది. అప్పుడు వచ్చిన వ్యాసాలు చాలానే చదివాను, తెలుగువీ ఇంగ్లీషువీ. అన్నిట్లోనూ టీవీలు, ఎల్ఈడీలు, కణితుల ఫోటోలు. అయితే బహుమతి అందుకున్న ముగ్గురిలో ఒకడైన లూయీ బ్రస్ టీవీ కోసం బయల్దేరినవాడు కాదు. 1980ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో ఆయన దూరపు లక్ష్యం ఎండతో రసాయన చర్యలు జరిపించడం. అందుకే కాడ్మియం సల్ఫైడ్‌ని ద్రావణంలో సన్నటి రేణువులుగా చేశాడు. రేణువు ఎంత చిన్నదైతే చర్య జరగడానికి అంత ఎక్కువ ఉపరితలం దొరుకుతుంది. కొన్నాళ్ళు బల్ల మీద వదిలేసిన ద్రావణం కాంతిని పీల్చే తీరు మారిపోయింది. రేణువులు పెరిగి ఉంటాయని అనుమానం వచ్చి, 4.5 నానోమీటర్లవీ 12.5 నానోమీటర్లవీ పక్కపక్కన పెట్టి చూశాడు. పెద్దవి మామూలు కాడ్మియం సల్ఫైడ్‌లానే ఉన్నాయి. చిన్నవి పీల్చే కాంతి నీలం వైపు జరిగింది. ఆ జరగడానికే నోబెల్. అడగబోయిన అసలు ప్రశ్న మాత్రం బల్ల మీద అలాగే ఉంది. దాని దగ్గర ఇప్పుడు మా చెల్లిలాంటివాళ్ళు కూర్చున్నారు.

నేను చదివింది ఈసీఈ. ఇంటర్ తెలుగు మీడియం పుస్తకంలో 'రంధ్రం' అనీ, బీటెక్‌లో 'హోల్' అనీ చదివి, ధనావేశం ఉన్న కణమని రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఆర్టీసీలో కండక్టర్‌గా రిటైరైన మా నాన్న అడిగినట్టు నేనెప్పుడూ అడగలేదు: "లేనిది ఎలా నడుస్తుందే?"

చెల్లి ఆయన్ని బస్సే ఎక్కించింది. సీట్లన్నీ నిండాయి. ముందు వరసలో ఒకడు లేచి, నిచ్చెనెక్కి టాపు మీదకి పోయాడు. కాంతి తగిలిన ఎలక్ట్రాన్ వాడే. వాడి సీట్లోకి వెనకవాడు జరిగాడు, వాడి సీట్లోకి ఇంకా వెనకవాడు. జరిగింది మనుషులే గానీ, చూస్తే ఖాళీ సీటు ముందునుంచి వెనక్కి ప్రయాణం చేసినట్టుంటుంది. ఆఖరి వరసలో స్పంజి ఊడి ఇనుప చువ్వ పొడుచుకొచ్చిన సీటొకటి ఉంటుంది. దాంట్లో వాడు ఎప్పుడెప్పుడా అని చూసి ముందుకి జరిగిపోయాడు. ఇక ఖాళీ అక్కడే. మంచి సీటు వదిలి అందులోకి ఎవడొస్తాడు?

"అయితే డిపోదాకా అంతే," అన్నారు నాన్న.

ఆ చిరిగిన సీటునే ట్రాప్ అంటారు. కాడ్మియం సల్ఫైడ్ స్ఫటికం ఉపరితలం మీద, పక్కన కాడ్మియం లేక బంధం పూర్తికాని సల్ఫర్ పరమాణువులుంటాయి. హోల్ వెళ్ళి వాటి దగ్గర చిక్కుకుంటుంది. ఎంత త్వరగా అంటే, నా లాప్‌టాప్‌లో 3 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్ ఒక్క టిక్ కొట్టడానికి 300 పికోసెకన్లకు పైనే పడుతుంది, హోల్ చిక్కుకోవడానికి ఒకటి రెండు పికోసెకన్లు చాలు. చిక్కుకున్నది కదలదనే చాలాకాలం అనుకున్నారు. 2016లో కొలరడో విశ్వవిద్యాలయం పరిశోధకులు, కాడ్మియం సల్ఫైడ్ నానోరాడ్ల మీద అది ఒక ట్రాప్ నుంచి పక్క ట్రాప్‌కి తడబడుతూ తిరుగుతుందని చూపించారు. ఆఖరి వరసలో ఒక్క సీటే చిరిగిందనుకున్నాం, చూస్తే వరసంతా అంతే. అలా దారీ తెన్నూ లేకుండా తిరిగి తిరిగి ఎలక్ట్రాన్‌కి ఎదురుపడిందా, కథ ముగిసింది.

ఎలక్ట్రాన్‌కి ఇన్ని తిప్పలు లేవు. రాడ్ కొసన చిన్న ప్లాటినం ముక్క అతికిస్తే కొన్ని పికోసెకన్లలో అక్కడికి చేరిపోతుంది. రెండు ఎలక్ట్రాన్లు పోగైతే ఒక హైడ్రోజన్ అణువు. బుడగలొస్తాయి, వీడియో తీయొచ్చు. హోల్‌కి అప్పజెప్పిన పని నీటినుంచి ఎలక్ట్రాన్లు లాక్కుని ఆక్సిజన్ వదలడం. ఒక్క ఆక్సిజన్ అణువుకి నాలుగు హోల్స్ కావాలి. అవి పోగయ్యేలోపు ఖాళీగా కూర్చున్న హోల్ ఊరుకోదు, పక్కనున్న సల్ఫర్‌నే పీక్కుతింటుంది. కూర్చున్న కొమ్మ నరుక్కోవడమే. స్ఫటికం కరిగిపోతుంది.

చిత్రకారులు వాడే కాడ్మియం ఎల్లో ఈ కాడ్మియం సల్ఫైడే. మతీస్ 1906 ప్రాంతంలో వేసిన 'ది జాయ్ ఆఫ్ లైఫ్' ఫిలడెల్ఫియాలో బార్న్స్ ఫౌండేషన్‌లో ఉంది. అందులో పసుపు కొన్నిచోట్ల పాలిపోయి దంతం రంగుకి తిరిగింది. వెలుతురులో కాడ్మియం సల్ఫైడ్ ఆక్సీకరణ చెందడమే కారణమని పరీక్షల్లో తేలింది. వందేళ్ళలో గోడ మీద జరిగినది చెల్లి బీకరులో ఒక్క మధ్యాహ్నంలో అయిపోతుంది. సాయంత్రానికి ఆమె పసుపు ద్రావణం వెలవెలబోతుంది.

నా ఫిర్యాదు ఇక్కడుంది. పుస్తకాల మీద రాసే అలవాటు వల్ల, సైన్స్ వార్తల్ని కూడా ఎవరు కథానాయకుడు, ఎవరిని పక్కన పెట్టారు అని చూస్తుంటాను. 2016లో ఇజ్రాయెల్‌లోని టెక్నియాన్ వాళ్ళు ఇలాంటి ప్లాటినం కొసల నానోరాడ్లతో, పీల్చుకున్న ఫోటాన్లను హైడ్రోజన్‌గా మార్చడంలో నూటికి నూరు శాతం సామర్థ్యం సాధించారు. గొప్ప పనే, అనుమానం లేదు. కానీ అది సగం చర్య. రెండో సగంలో హోల్‌ని వదిలించుకోవడానికి ద్రావణంలో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపారు. హోల్ నీటి జోలికి పోకుండా దాన్ని తినేస్తుంది. ఇలా కలిపే పదార్థాన్ని ఈ శాస్త్రంలో బలిపదార్థమనే అంటారు, నా చమత్కారం కాదు. పరిశోధకులు పేపర్లో ఈ సంగతి దాచరు. శీర్షిక దాకా వచ్చేసరికి బలిపశువు మాయమై నూరు శాతం మిగులుతుంది. నీళ్ళు, ఎండ, ఇంకేం కావాలన్నట్టు రాస్తారు.

బలి లేకుండా చేసినవాళ్ళూ ఉన్నారు. 2020లో జపాన్‌లో డోమెన్ బృందం స్ట్రాన్షియం టైటనేట్ రేణువుల్లో ఎలక్ట్రాన్లు ఒక రకం ముఖం వైపు, హోల్స్ ఇంకో రకం ముఖం వైపు పోయేలా చేసి, ఒక్కోచోట ఒక్కో ఉత్ప్రేరకాన్ని కూర్చోబెట్టింది. నీరు నిజంగానే హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడిపోయింది, దాదాపు 96 శాతం సామర్థ్యంతో. అయితే అతినీలలోహిత కాంతిలో. ఎండలో ఆ వాటా చాలా తక్కువ. మరుసటి ఏడు వాళ్ళే 100 చదరపు మీటర్ల పలకలు ఆరుబయట పరిచి చూపించినప్పుడు, ఎండ నుంచి హైడ్రోజన్‌కి మారింది గరిష్ఠంగా 0.76 శాతం. నాకు ఆ 0.76 అంకె మీద చాలా గౌరవం. అందులో హోల్ పని కూడా లెక్కలోకొచ్చింది.

చెల్లి ఫెలోషిప్ ఐదేళ్ళతో ఆగిపోయింది, థీసిస్ ఆగలేదు. హాస్టల్ ఫీజు నేను కడుతున్నాను, అది పెద్ద విషయం కాదు. పెద్ద విషయమేంటంటే డిస్‌ప్లేలు తయారుచేసే కంపెనీ ఒకటి ఆమెని ఇంటర్వ్యూకి పిలిచింది. అవే స్ఫటికాలు, అవే లేజర్లు, జీతం మాత్రం నా జీతంతో సమానం. అమ్మ పూజ కూడా చేయించేసింది.

"అక్కడ స్ఫటికం చుట్టూ జింక్ సల్ఫైడ్ పెంకు కట్టేస్తారు అన్నయ్యా. ఎలక్ట్రాన్, హోల్ రెండూ లోపలే ఉండాలి, ఉపరితలం దాకా రాకూడదు. నేను ఐదేళ్ళుగా చూస్తున్నది ఆ ఉపరితలాన్నే," అంది.

వెళ్ళమనే చెప్పాను. కోడ్ రాసి బతికేవాడు ఇంకేం చెప్తాడు? ఆమె వెళ్తానంది కూడా, వచ్చే నెలలో ఇంటర్వ్యూ. కానీ థీసిస్‌లో ఆఖరి అధ్యాయానికి పెట్టుకున్న పని చూస్తే వెళ్ళే మనిషి పనిలా లేదు. 2018లో కేంబ్రిడ్జ్‌లో రైస్నర్ బృందం కాడ్మియం సల్ఫైడ్ క్వాంటమ్ డాట్లని ఘాటైన క్షార ద్రావణంలో వేసి, బలిపదార్థం స్థానంలో ప్లాస్టిక్ పెట్టింది. ఎలక్ట్రాన్ హైడ్రోజన్ తీస్తుంటే, హోల్ ఆ ప్లాస్టిక్‌ని చిన్న చిన్న కర్బన పదార్థాలుగా కొరుక్కుతింటుంది. కాడ్మియం విషం, క్షారం చేతిని కాలుస్తుంది, ఇవేవీ చిన్న చిక్కులు కావు. అయినా హోల్‌కి ఎలాగూ ఏదో ఒకటి తినిపించాలి కాబట్టి, ఎవరికీ అక్కర్లేనిది తినిపించడం నాకు నచ్చింది. చెల్లి తన నానోరాడ్లతో అదే చేసి, ప్లాస్టిక్ పక్కనున్నప్పుడు హోల్ ట్రాప్‌లో ఎంతసేపు ఉంటుందో కొలవాలనుకుంటోంది.

మొన్న ఫోన్ చేసి, నీళ్ళ సీసాల ప్లాస్టిక్‌ని పొడి చేయడానికి ఇంట్లో పాత మిక్సీ ఏదైనా ఉందా అని అడిగింది. పాతది లేదు, ఉన్నది ఇవ్వనంది అమ్మ.