పదమూడో రౌండు

మా బాబాయికి మైక్ టైసన్ అంటే ప్రాణం. నాకు రాకీ మార్సియానో. మేమిద్దరం ఒకచోట కూర్చుంటే పావుగంటలో మాట హెవీవెయిట్ చాంపియన్ల మీదికి మళ్ళుతుంది. ఎవరు నిజంగా గొప్పవాళ్ళు, ఎవర్ని జనం ఊరికే ఎత్తేశారు అన్న ఆ వాదన మొదలైతే కంచంలో అన్నం చల్లారిపోయినా లేవం.

"మార్సియానోకి అంత సీన్ లేదురా" అంటాడు బాబాయి. "49 పోటీలాడి 49 గెలిచాడు, కాదన్ను. ఎవర్ని కొట్టాడో చెప్పు. జో లూయిస్ మీవాడి చేతికి చిక్కేసరికి ఆయనకి 37 ఏళ్ళు. జెర్సీ జో వాల్‌కాట్‌కి 38. ఆర్చీ మూర్ నలభైకి అటో ఇటో. చేవ తగ్గినవాళ్ళని కొట్టి కూడబెట్టిన లెక్క అది."

ఇందులో అబద్ధం లేదు. ఇంకా చెప్పాలంటే మార్సియానో 5 అడుగుల 10 అంగుళాల మనిషి, బరువు 84 కిలోల చిల్లర. ఇవాళైతే హెవీవెయిట్‌లో నిలబెట్టరు, ఒక మెట్టు కింద క్రూయిజర్‌వెయిట్‌లో ఆడమంటారు. చేతులు పొట్టి. అవతలివాడి గుద్దులు తింటూ దగ్గరికి జొరబడితే తప్ప తన గుద్దు అందదు. 1950లో రోలండ్ లాస్టార్జా మీద గెలుపు కూడా తీర్పు చీలి, వెంట్రుకవాసిలో దక్కిందే. ఇవన్నీ ఒప్పుకుంటాను. వాల్‌కాట్‌ని ముసలాడని తీసిపారేస్తే మాత్రం ఊరుకోను.

ఆరుగురు పిల్లల తండ్రి వాల్‌కాట్. నాలుగుసార్లు ప్రపంచ టైటిల్ కోసం ఆడి నాలుగుసార్లూ ఓడాడు. అందులో ఒకటి 1947లో లూయిస్‌తో. ఆ రోజు లూయిస్‌ని రెండుసార్లు కింద పడేశాడు. తీర్పు చెప్పకముందే లూయిస్ తలదించుకుని రింగ్ దిగబోయాడు. గెలుపు మాత్రం లూయిస్‌దేనన్నారు. అప్పటికీ వదలకుండా ఐదోసారి ప్రయత్నించి, 1951లో ఎజర్డ్ చార్ల్స్‌ని ఒక్క ఎడమచేతి హుక్‌తో పడగొట్టి చాంపియన్ అయ్యాడు. అలాంటివాడికి 38 ఏళ్ళంటే వయసు మళ్ళడం ఒక్కటే కాదు, ఆట లోతుపాతులన్నీ వంటబట్టడం కూడా.

1952 సెప్టెంబర్ 23న ఫిలడెల్ఫియాలో మార్సియానో ఎదురుపడింది ఆ వాల్‌కాట్‌కి. మొదటి రౌండులోనే మార్సియానో కిందపడ్డాడు. అతని బాక్సింగ్ జీవితంలో నేల తగలడం అదే మొదలు. మధ్యలో కళ్ళు మండి రెండు మూడు రౌండ్లు దాదాపు గుడ్డిగానే ఆడాడు. పన్నెండు రౌండ్లు ముగిసేసరికి రిఫరీ, ఇద్దరు జడ్జీలు, ముగ్గురి కాగితాల మీదా వాల్‌కాటే ముందున్నాడు. పాయింట్ల మీద గెలిచే దారి మూసుకుపోయింది. పదమూడో రౌండు 43వ సెకనులో ఇద్దరూ కుడిచెయ్యి ఒకేసారి విసిరారు. మార్సియానో గుద్దు పొట్టిది, ఒక్క జానెడు దూరం ప్రయాణించి ఉంటుందేమో. అదే ముందు తగిలింది. వాల్‌కాట్ ముఖం పక్కకి వంకర తిరిగిపోయింది. మోకాళ్ళు మడతపడ్డాయి, ఎడమచెయ్యి రింగ్ తాడుకి తగులుకుంది. నిద్రపోతున్న పిల్లాడు ఊయలలోంచి జారినంత మెల్లగా కిందికి జారాడు. ఆ ఫిల్ము ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. గుద్దిన చెయ్యికంటే తాడుకి వేలాడిన ఆ చెయ్యే నాకు ఎక్కువ గుర్తు.

బాబాయి దగ్గర దీనికీ జవాబుంది, గట్టిదే. "ఒరేయ్, అప్పట్లో టైటిల్ పోటీ పదిహేను రౌండ్లు. ఇప్పుడు పన్నెండే. ఇవాళ్టి లెక్కన ఫిలడెల్ఫియాలో గెలిచింది వాల్‌కాట్. మీవాడి 49 గెలుపుల పక్కనున్న ఓటముల సున్నా ఆ రాత్రే చెరిగిపోయేది. మా టైసన్‌కి అసలు పదమూడో రౌండనేదే ఎప్పుడూ దక్కలేదు."

నిజమే. 1982లో కొరియా కుర్రాడు కిమ్ డుక్-కూ, రే మాన్సినీతో పద్నాలుగో రౌండులో దెబ్బతిని ప్రాణం పోగొట్టుకున్నాక పదిహేను రౌండ్లు పన్నెండుకి తగ్గుతూ వచ్చాయి. తగ్గించడమే న్యాయం. ఏ టైటిలూ ఒక ప్రాణం కంటే ఎక్కువ కాదు. ఆ మార్పుతో వెనకటి లెక్కలన్నీ కదిలిపోయిన మాట కూడా వాస్తవం. జో లూయిస్‌నే చూడండి. 25 సార్లు టైటిల్ నిలబెట్టుకున్నాడు, ఆ లెక్కని ఇప్పటికీ ఏ హెవీవెయిటూ దాటలేదు. అందులో 1941లో బిల్లీ కాన్‌తో ఆడిన పోటీ ఒకటి. తనకంటే పది కిలోలకు పైగా తేలికైన కాన్ పన్నెండు రౌండ్లు లూయిస్‌ని తిప్పలుపెట్టాడు. ఇద్దరి కాగితాల మీద కాన్ ముందు, మూడోదాని మీద సరిసమానం. పదమూడో రౌండులో కాన్ నాకౌట్ కోసం ఎగబడ్డాడు. ఇంకో రెండు సెకన్లలో గంట మోగుతుందనగా లూయిస్ అతన్ని ముగించాడు. అక్కడా పదమూడే.

అందుకే బాబాయికి ఆ సున్నా వదిలేస్తానన్నాను. తీసేసుకోమన్నాను. మార్సియానో విషయంలో జనం అతిగా మోసింది ఆ సున్నానే, మనిషిని కాదు. సున్నా ఎవడికైనా దొరకొచ్చు. పోటీదారుల్ని ఏరుకుంటే దొరుకుతుంది, రూలు కలిసొస్తే దొరుకుతుంది. అంతా చేజారుతున్న గంటలో మనిషి ఏంచేశాడన్నది అలా దొరకదు. 1954లో చార్ల్స్‌తో రెండో పోటీలో మార్సియానో ముక్కు కొస నిలువునా చీలింది. రక్తం ఆగలేదు. పోటీ ఆపేస్తారన్న భయం రింగ్ చుట్టూ కమ్ముకుంది. ఎనిమిదో రౌండులో చార్ల్స్‌ని నాకౌట్ చేశాడు. నాకు కొలబద్ద అదే.

అతిగా ఎత్తేసినవాడి పేరు ఒక్కటి చెప్పమంటే జాక్ డెంప్సీ అంటాను. ఫిర్పో రింగ్ బయటికి పడదోస్తే తిరిగి ఎక్కి రెండో రౌండులో కథ ముగించాడు, ఆ గుండెకి దణ్ణం. కానీ హారీ విల్స్ అనే నల్ల బాక్సర్ తన మంచి వయసంతా డెంప్సీతో పోటీ కోసం ఎదురుచూస్తూ గడిపాడు. ఆ పోటీ జరగనేలేదు. పాపంలో సగం ప్రమోటర్లది, ఆనాటి జాతి వివక్షది. అయినా చాంపియన్ డెంప్సీ. 1923 నుంచి 1926 దాకా మూడేళ్ళు టైటిల్‌ని పణంగా పెట్టకుండా దగ్గరుంచుకుంది అతనే. ఎదురుపడని మనిషి మీద గెలుపు ఏ లెక్కలో రాస్తాం?

ఈ కొలబద్దతో టైసన్ నిలవడని నా వాదన. 20 ఏళ్ళకే చాంపియన్. 1988లో మైకేల్ స్పింక్స్‌ని 91 సెకన్లలో పడగొట్టాడు. అంత వేగం, అంత బలం ఒకే ఒంట్లో మళ్ళీ చూడలేదు. కానీ ఓడిపోయేలా ఉన్న టైటిల్ పోటీని తిరగతిప్పి గెలిచింది ఒక్కటీ లేదు. హోలీఫీల్డ్‌తో రెండో పోటీలో ఆట చేజారుతుంటే అతని చెవి కొరికాడు. ఇదంతా బాబాయికి చెప్పి, నెగ్గాననే అనుకున్నాను.

ఆయన ఏమీ మాట్లాడకుండా ఫోను తీసి టోక్యో పోటీ పెట్టాడు. 1990 ఫిబ్రవరి 11. ఎదురుగా తల్లి పోయి నెలైనా కాని బస్టర్ డగ్లస్, అతని గెలుపు మీద 42కి 1 పందెం. టైసన్ కన్ను వాచిపోతుంటే, వాపు అణిచే లోహపు ముక్క కూడా తెచ్చుకోని కార్నర్‌వాళ్ళు రబ్బరు గ్లోవ్‌లో చల్లటి నీళ్ళు నింపి అదుముతున్నారు. పదో రౌండులో టైసన్ మొదటిసారి పడ్డాడు. నేను చాలాసార్లు చూసిందే. "పడ్డాక చూడు" అన్నాడు బాబాయి.

టైసన్ మోకాళ్ళ మీదా చేతుల మీదా ఉన్నాడు. రిఫరీ లెక్కపెడుతున్నాడు. టైసన్ చెయ్యి నేలమీద మౌత్‌గార్డ్ కోసం తడుముతోంది. దొరికింది. నోట్లో సరిగా పెట్టుకోలేకపోయాడు. ఒక కొసని పళ్ళతో కరిచిపట్టాడు, మిగతాది బయటికి వేలాడుతోంది. అలాగే తూలుతూ లేస్తున్నాడు.

"ఇంటికెళ్ళిపోయేవాడికి అది ఎందుకురా?" అన్నాడు.

నా దగ్గర మాట లేదు. బాబాయి ఫోను మీద వేలుపెట్టి, ఆ పది సెకన్లు మళ్ళీ వెనక్కి తిప్పాడు.