మెట్ల లెక్క

విదేశయాత్ర చేసివచ్చామనగానే ఎవరయినా ముందుగా అడిగేది విమానం టిక్కెట్టు ఎంతయిందని. ఆ తరువాత చలి ఎలా వుంది, తిండి సరిపడిందా అని. “రాత్రిళ్ళు ఎక్కడ దిగారు?” అని అడిగినవాళ్ళు నాకు ఇంతవరకూ తగల్లేదు. తీరా చూస్తే పదిరోజుల ప్రయాణంలో సుఖమంతా, కష్టమంతా ఆ ప్రశ్నలోనే వుంది. ఒక్క వూరయితే ఎలాగో సర్దుకోవచ్చు. మూడు వూళ్ళు, మూడు మకాములు, మూడు పెట్టెలు, వెంట మోకాళ్ళ నెప్పులున్న పెద్దావిడ! ఇహ బస వెతకడం పిల్లకు సంబంధం వెతకడం కన్నా తేలికేమీ కాదు.

మేము వెళ్ళింది ఇటలీకి, 2024 అక్టోబరులో. నేను, మా ఆవిడ, మా అక్కయ్య. అక్కయ్యకు డెబ్భైమూడేళ్ళు. కోనసీమలో ఒక హైస్కూల్లో ముప్ఫై ఒక్క సంవత్సరాలు భూగోళం చెప్పి రిటైరయింది. నా కాలేజీ ఫీజులు కట్టింది ఆవిడ జీతంలోంచే. ఆ సంగతి నేను ఎత్తితే ఆవిడకు కోపం వస్తుంది గనుక ఇక్కడితో ఆపుతాను. ఏటా ఆవిడ పిల్లలకు ఒక పాఠం చెప్పేది. వెనిస్ నగరంలో వీధులుండవు, అన్నీ కాలవలే, జనం పడవల మీద తిరుగుతారని. కోనసీమ పిల్లలకు కాలవలంటే వింతేమిటి? ఒకసారి ఒక కుర్రాడు లేచి, “అక్కడ కాలవ గట్టుమీద నడవడానికి దారి వుంటుందాండీ?” అని అడిగాడట. “నాకు తెలియదురా నాయనా, ఎప్పుడయినా వెళితే చూసొచ్చి చెబుతా” అన్నదట ఈవిడ. నలభయ్యేళ్ళ కిందటి మాట. ఆవిడ మాత్రం మరిచిపోలేదు.

ఇక మా ప్రయాణానికి రోము, ఫ్లారెన్సు, వెనిస్ అని మూడు వూళ్ళు ఖాయం చేశాము. మొత్తం తొమ్మిది రాత్రులు. ఆ దేశాలకు వెళ్ళాలంటే షెంజెన్ వీసా కావాలి. దరఖాస్తుతోపాటు ప్రతి రాత్రికీ బస ఎక్కడో కాగితం చూపించాలి. కనీసం 30,000 యూరోలకు ఆరోగ్య బీమా వుండాలి. 2024 జూన్ నుంచి రుసుము పెద్దవాళ్ళకు 90 యూరోలు. అంచేత “అక్కడికి వెళ్ళాక చూసుకుందాంలే” అనే మన అలవాటు అక్కడ చెల్లదు. ముందే నిర్ణయించుకోవాలి, ఆ బేరం కూడా వద్దనుకుంటే డబ్బు తిరిగి వచ్చే షరతుమీద కుదుర్చుకోవాలి. వీసా రాకపోతే గది అద్దె ఎవరిస్తారు?

మొదటి సలహా బెంగుళూరు నుంచి మా అబ్బాయిది. “నాన్నా, ఎక్కడికక్కడ పెట్టెలు మోసుకుని తిరగడమెందుకు? బొలోన్యాలో ఒకే గది తీసుకోండి. అది నడిమధ్య వూరు. ఫ్లారెన్సుకు నలభై నిమిషాలు, వెనిస్ కు గంటన్నర, రోముకు రెండుంబావు గంటలు. పొద్దున వెళ్ళి రాత్రికి వచ్చేయొచ్చు” అన్నాడు. కాగితం మీద బాగానే వుంది. పెట్టెలు సర్దే బాధ లేదు, అద్దె తక్కువ. కాని రోముకు వెళ్ళిరావడానికే రోజుకు నాలుగున్నర గంటలు రైల్లో గడిచిపోతుంది. స్టేషనుకు చేరడం, దిగడం దానికి అదనం. పాతికేళ్ళవాడికి అది ప్రయాణం. డెబ్భైమూడేళ్ళ మనిషికి అది శిక్ష. మధ్యాహ్నం కాసేపు నడుము వాల్చడానికి గది దగ్గర లేకపోతే సాయంత్రమన్నది ఆవిడ లెక్కలో వుండదు. కనుక మూడు వూళ్ళలోనూ మూడు మకాములేనని తేల్చాము.

ఇహ హోటళ్ళు. ఫొటోల్లో అన్నీ ఇంద్రభవనాలే. మా ఆవిడ కాసేపు చూసి, “ఏమండీ, పరుపు ఎలావుందో వాళ్ళు చూపిస్తున్నారు గాని పరుపు దగ్గరికి ఎలా వెళ్ళాలో చూపించడంలేదు” అంది. ఆ మాట నాకు తగిలింది. ఆ రోజునుంచి నేను ప్రతి హోటలుకూ ఒకే ప్రశ్న రాశాను. “వీధి తలుపు నుంచి మంచం దాకా ఎన్ని మెట్లు?” అంతే.

చిత్రమేమంటే, లిఫ్టు వుందని ప్రకటించినవాళ్ళు కూడా ఈ ప్రశ్నకు నీళ్ళు నమిలారు. వాళ్ళవి పాత కట్టడాలు, లిఫ్టులు తరువాత పెట్టినవి. లిఫ్టు దగ్గరికి చేరడానికే నాలుగో, ఎనిమిదో మెట్లుంటాయి. పైగా అక్కడ ‘మొదటి అంతస్తు’ అంటే మన లెక్కలోనూ మేడమీదే, కొన్ని పాత భవనాల్లో మధ్యలో ఇంకో పొట్టి అంతస్తు కూడా వుంటుంది. ఒక హోటలాయన “కేవలం ముప్ఫయ్యెనిమిది మెట్లే, చాలా అందమైన పాలరాయి” అని జవాబిచ్చాడు. అక్కయ్య విని, “పాలరాయయితే మోకాళ్ళు ఊరుకుంటాయా?” అంది.

రోములో త్రస్తెవెరె అనే పేట చాలా ముచ్చటగా వుంటుందని అందరూ చెబుతారు. ముచ్చటే. కాని అక్కడికి మెట్రో రైలు లేదు, వీధులన్నీ గుండ్రాళ్ళు పరిచినట్టు ఎగుడుదిగుడు రాతి బిళ్ళలు. మేము తెర్మిని స్టేషనుకు దగ్గరగా, విత్తోరియో చౌకు పక్కన ఎస్క్విలీనో పేట ఎంచుకున్నాము. విమానాశ్రయం నుంచి తెర్మినికి నేరుగా రైలు, ముప్ఫైరెండు నిమిషాలు, మనిషికి 14 యూరోలు. పేటలోనే మెట్రో ‘ఏ’ లైను ఎక్కితే వాటికన్ దగ్గరి స్టేషనులో మారకుండా దిగవచ్చు. అందం కొంచెం తక్కువ, రద్దీ ఎక్కువ. అయితేనేం, అక్కడి అంగడిలో బాస్మతి బియ్యం, కందిపప్పు, బెండకాయలు, పచ్చిమిరపకాయలు, కొత్తిమీర అన్నీ దొరికాయి. మన ఉపఖండం వాళ్ళు ఆ పేటలో చాలామంది వున్నారు. మేము తీసుకున్నది గదిలోనే చిన్న పొయ్యి, గిన్నెలు అమర్చిన హోటలు. నాలుగు రాత్రులూ పప్పూ అన్నమే. పగలు ఎన్ని శిథిలాలు చూసినా రాత్రికి చారు వుందంటే అక్కయ్యకు ధైర్యం.

అద్దెకాక ఊరిపన్ను ఒకటి వుంటుంది సుమండీ. రోములో 2023 అక్టోబరులో పెంచాక మూడు నక్షత్రాల హోటల్లో మనిషికి రాత్రికి 6 యూరోలు. ముగ్గురికి నాలుగు రాత్రులకు 72 యూరోలు. ముందు చెప్పిన అద్దెలో ఇది సాధారణంగా కలవదు, వెళ్ళేటప్పుడు చేతికిస్తారు చీటీ.

ఇంకో మాట, మనవాళ్ళు పైకి అడగరు గాని లోపల బెంగపడే మాట: నీళ్ళ సంగతి. ఇటలీలో ఆ బెంగ అక్కర్లేదు. ప్రతి ఇంటి స్నానాలగదిలోనూ కడుక్కోవడానికి ‘బిదే’ అనే తొట్టి వుండి తీరాలని 1975లో వాళ్ళ ప్రభుత్వమే నిబంధన పెట్టింది. హోటళ్ళలోనూ దాదాపు అన్నిటా వుంటుంది. మా ఆవిడ ఆ దేశాన్ని మెచ్చుకున్న మొదటి విషయం ఇదే. మైకెలాంజెలో తరువాతే.

ఫ్లారెన్సులో చిక్కే లేదు. అక్కడ రైలు స్టేషను ఊరి నడిబొడ్డునే వుంటుంది. పెద్ద చర్చి పావుగంట నడక. స్టేషనుకూ చర్చికీ మధ్యన, లిఫ్టుకు ముందు రెండే మెట్లున్న హోటల్లో రెండు రాత్రులు దిగాము. 1436లో పూర్తయిన ఆ చర్చి గుమ్మటం ఎక్కడానికి 463 మెట్లు. నేనూ, మా ఆవిడా ఎక్కాము. అక్కయ్య కిందనే అరుగుమీద కూర్చుని వచ్చేపోయే జనాన్ని చూసింది.

అసలు తగువంతా వెనిస్ దగ్గర వచ్చింది.

ఆ వూరు వందకు పైగా చిన్న చిన్న దీవుల మీద కట్టారు. నాలుగు వందలకు పైగా వంతెనలు, దాదాపు అన్నిటికీ మెట్లే. కార్లూ, బస్సులూ ఊరి మొగదల ఆగిపోవలసిందే, లోపల సైకిలు కూడా తొక్కనివ్వరు. అద్దెలు మండిపోతాయి. అందుకని ఎంతోమంది సముద్రానికి ఇవతల, గట్టుమీది మెస్త్రేలో దిగుతారు. అక్కడినుంచి పది నిమిషాల రైలు. 1846లో కట్టిన రైలు వంతెన మీదుగా నేరుగా వెనిస్ లోకి వెళ్ళవచ్చు. మేము వెతికిన రోజుల్లో ముగ్గురు పట్టే గదికి మూడు రాత్రుల మీద తేడా ముప్ఫైవేల రూపాయల పైచిలుకు.

అక్కయ్య మెస్త్రే పక్షం. “ఒరేయ్, రాత్రి కళ్ళు మూసుకున్నాక ఏ వూరయితేనేమిటి? ముప్ఫైవేలు ఊరికే వస్తున్నాయా? ఆ వంతెనల మెట్లు నేనెలాగూ ఎక్కలేను. పగలు ఒకసారి తీసుకెళ్ళి చూపించు, చాలు” అంది. ఆవిడ ఎప్పుడూ అంతే. తనకోసం ఖర్చనేసరికి లెక్కలు వచ్చేస్తాయి.

నేను ఏమీ అనలేక మా ఆవిడ వంక చూశాను. “వదినగారూ, మీరు చూడాలనుకున్నది కళ్ళు తెరిచాక కదండీ!” అంది మా ఆవిడ. “పదిగంటలకు అందరితోపాటు వెళితే జనం వీపులు కనిపిస్తాయి. వాళ్ళందరూ రాకముందు, వెళ్ళిపోయాకనే అది ఊరు.”

మా ఆవిడ మాటలో అతిశయోక్తి లేదు. 1951లో ఆ పాత ఊళ్ళో లక్షా డెబ్భైఅయిదు వేలమంది దాకా కాపురముండేవారు. 2022 నాటికి యాభైవేలకు లోపయ్యారు. పగలు వచ్చి పగలే వెళ్ళిపోయే యాత్రికుల వత్తిడి తట్టుకోలేక, 2024 ఏప్రిల్ 25 నుంచి కొన్ని ఎంపిక చేసిన రోజుల్లో వాళ్ళ దగ్గర 5 యూరోలు ప్రవేశరుసుము తీసుకోవడం మొదలుపెట్టారు. అక్కడ రాత్రి బసచేసేవారికి అది లేదు. మెస్త్రే కూడా అదే మునిసిపాలిటీ గనుక అక్కడ దిగినవాళ్ళకూ లేదు. ఇళ్ళన్నీ యాత్రికుల బసలుగా మారిపోతున్నాయన్న గోడు కూడా ఆ వూళ్ళో వుంది. ఆ మాట విన్నాక, “ఒకళ్ళ కాపురం చెడగొట్టి మనం పడుకోవద్దురా, హోటలే చూడు” అంది అక్కయ్య. అంటే వెనిస్ కు ఒప్పుకున్నట్టే!

ఇహ మెట్ల లెక్క. నేను ఊరి పటం ముందేసుకుని వంతెనలన్నీ పెన్సిలుతో గుర్తుపెట్టాను. వెనిస్ రైలు స్టేషను బయటకు వచ్చి ఎడమకు తిరిగితే లిస్తా ది స్పాన్యా అనే వీధి. సాన్ జెరెమియా చౌకు దాకా తిన్నగా నేల, ఒక్క వంతెన లేదు. ఆ తరువాత గూల్యె వంతెన వస్తుంది. దానికి ఇవతలే హోటలు కావాలన్నాను, దొరికింది. స్టేషను ఎదురుగానే పడవల రేవు. అక్కడ ఒకటో నెంబరు పడవ ఎక్కి, పెద్ద కాలవ వెంట వెళ్ళి వల్లరెస్సో రేవులో దిగితే సాన్ మార్కో చౌకుకు కూడా వంతెన ఎక్కకుండానే నడిచి వెళ్ళవచ్చు. టిక్కెట్టు విడిగా కొంటే 9 యూరోల 50 సెంట్లు, 75 నిమిషాలు చెల్లుతుంది. రోజుల లెక్కన తీసుకుంటే చవక.

ముప్ఫైవేలకు సర్దుబాటూ చేశాము. పీసా వెళ్ళడం మానుకున్నాము. గొండోలా కూడా. పగటిపూట అరగంటకు 90 యూరోలు. “నేను లంకల్లో ఎక్కినన్ని పడవలు వాళ్ళ తాతలు ఎక్కివుండరు” అని అక్కయ్యే కొట్టేసింది.

రెండోనాడు తెల్లవారుజామున లేచి చూద్దును గదా, ఆవిడ మంచం మీద లేదు. కంగారుగా కిందికి దిగాను. వీధి చివర కన్నరేజో కాలవ గట్టున, శాలువా కప్పుకుని నిలబడివుంది. చుట్టూ ఎవరూ లేరు. ఒక పడవ వచ్చి ఆగింది. తోపుడుబళ్ళు తెచ్చి అందులోకి చెత్త ఎత్తిపోస్తున్నారు. ఆ వెనకే సరుకుల పెట్టెలతో ఇంకొకటి వెళ్ళింది.

“చూశావురా? చెత్తబండీ పడవే” అంది. “పాఠంలో నేనీమాట చెప్పనేలేదు.” కాస్త ఆగి కాలితో రాతిపలకలు తట్టింది. “గట్టు మీద దారి వుంది. ఫొందమెంత అంటారట, హోటలబ్బాయి చెప్పాడు. ఆ కుర్రాడికి ఇప్పుడు యాభయ్యేళ్ళు దాటి వుంటాయి. ఎక్కడున్నాడో కనుక్కోవాలి.”

మూడు రాత్రుల్లో మా అక్కయ్య మొత్తం నాలుగు వంతెనలు ఎక్కింది, ఎవరూ అడక్కుండా, తన ఇష్టంతో. తక్కినవన్నీ పడవమీంచి చూసింది.

మాలాగా పెద్దవాళ్ళను తీసుకుని బయలుదేరేవారికి రెండు ముక్కలు. పాస్‌పోర్టులు హోటలువాళ్ళు అడిగితే అనుమానపడకండి. వచ్చినవారి వివరాలు ఇరవైనాలుగు గంటల్లో పోలీసులకు పంపడం అక్కడి చట్టం. ఇల్లు అద్దెకు తీసుకునేటట్లయితే 2025 జనవరి నుంచి ప్రతి ప్రకటనలోనూ జాతీయ గుర్తింపు సంఖ్య వుండాలి, అది లేనిచోట బయానా ఇవ్వకండి. ఇక మెట్ల సంగతి మాత్రం చట్టం ఏదీ చెప్పదు. అది మీరే ఉత్తరం రాసి అడగాలి.

అన్నట్టు, ఆ కుర్రాడి చిరునామా దొరికింది. అమలాపురంలోనే వున్నాడు. వచ్చే ఆదివారం అక్కయ్యను తీసుకుని వెళుతున్నాము. వాళ్ళిల్లు మేడమీదట. ఎన్ని మెట్లో మా ఆవిడ అప్పుడే ఫోను చేసి కనుక్కుంది.