వానాకాలమంతా ఖాళీగా ఉంచిన చేను

పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌కు వెళ్లినవాళ్లను ముందుగా విత్తనాల జన్యు బ్యాంకుకు తీసుకెళ్తారు. మమ్మల్నీ అటే నడిపించబోయారు. నాతో వచ్చిన తాండూరు కంది రైతు ఆగి, "ఇత్తులు తర్వాత జూద్దాం సారూ, ముందు మన్ను సూపియ్యుండ్రి" అన్నాడు. మంచి మాటే. 1972లో పెట్టిన ఈ పంటల పరిశోధన సంస్థకు ఒకే ప్రహరీ లోపల నల్లరేగడీ ఎర్రనేలా రెండూ ఉన్నాయి.

నల్లరేగడిలో 1976 నుంచి పక్కపక్కన రెండు పద్ధతులు నడుస్తున్నాయి. ఒకటి పాత సేద్యం: వానాకాలం దున్ని వదిలేసి, వానలు వెనకబట్టాక జొన్నో శనగో వేయడం. మేం వెళ్లింది ముసురు రోజుల్లో. ఆ చేనులో అడుగుపెట్టగానే చెప్పులు మట్టిలో దిగబడ్డాయి. రైతులు ఎందుకు వదిలేస్తారో వేరే చెప్పనక్కర్లేదు. రేగడి ఎండితే నెర్రెలు విచ్చి రాయవుతుంది, తడిస్తే ఉబ్బి నెర్రెలు పూడుకుపోయి నీరు ఇంకడం మానేస్తుంది. వానలు ముదిరాక అరకకు దారివ్వదు.

నేలకు విశ్రాంతి ఇస్తున్నామని మనం అనుకునే ఆ నెలల్లోనే అసలు నష్టం. పైన ఆకు నీడ లేని మట్టిని చినుకు కొడుతుంది, వరద ఎత్తుకుపోతుంది. ఏటా హెక్టారుకు 6 టన్నులకు పైగా మట్టి పోతున్నట్టు ఇక్కడ కొలిచారు.

రెండో పద్ధతిలో నేలవాలు చూసి మీటరు వెడల్పు బోదెలు తీశారు, మధ్య సాళ్లు. ఎడ్లూ చక్రాలూ సాళ్లలోనే నడుస్తాయి, బోదెను ఎవరూ తొక్కరు. తొలకరికి ముందే పొడిదుక్కిలో విత్తుతారు కనక బురదలో దిగే అవసరం తప్పుతుంది. ఎక్కువైన నీరు సాళ్ల వెంట మెల్లగా జారి, గడ్డి పెంచిన కాలువ గుండా కుంటకు చేరుతుంది. జొన్నలో అంతరపంటగా కంది, ఎరువులూ తోడు. మట్టి కోత ఒకటిన్నర టన్నులకు తగ్గింది, రెండు పంటలూ కలిపి దిగుబడి హెక్టారుకు 5 టన్నుల దాకా వస్తోంది. పాత పద్ధతిలో అది ఒక టన్ను.

మా రైతు వేళ్ల మీద ఎకరాల్లోకి మార్చుకున్నాడు. "20 క్వింటాళ్లు! మరి ఊళ్లల్ల ఎందుకు చేస్తలేరు?"

నన్నడిగితే అక్కడ చూసిన అంకెలన్నిటికన్నా బరువైనది ఈ ప్రశ్నే. బోదెలు తీసే ఎడ్ల పనిముట్టు చిన్న రైతు కొనలేనంత ఖరీదు. దానికి తోడు గట్ల తగాదా. వాలు మన పట్టా పాసుబుక్కు చూసి ఆగదు.

"నా చేన్ల నీళ్లు పక్కోని చేన్లకు ఇడిస్తే ఊకుంటడా?" అన్నాడు.

"ఊకోడు" అని వెంట ఉన్న శాస్త్రవేత్త ఒప్పేసుకున్నాడు. 1999లో శంకర్‌పల్లి దగ్గరి కొత్తపల్లిలో ఒక్కో రైతును కాక ఊరినంతా ఒకే నీటి పరీవాహకంగా తీసుకుని పని మొదలుపెట్టింది అందుకేనట. వాగుకు అడ్డుకట్టలు పడ్డాక బావుల్లో నీరు పెరిగింది. బోదెలు ఎంతవరకు నిలిచాయన్నది మాత్రం వెళ్లి అక్కడి రైతులనే అడగమన్నాడు. ఆ జవాబు నాకు నచ్చింది.

మా రైతు అప్పటికే వాచీ చూసుకుంటున్నాడు. "శంకర్‌పల్లి మనకు తోవల్నే గదా సారూ, పొద్దుగూకక ముందే పోదాం పాండ్రి."