కప్పు మీద ఎవరి పేరు

2022 మార్చి 20, ఆదివారం రాత్రి
మయూర్ విహార్ ఫేజ్-1, ఢిల్లీ

ఇండియన్ సూపర్ లీగ్ ఫుట్‌బాల్ ఫైనల్. హైదరాబాద్, కేరళ బ్లాస్టర్స్. మా పాకెట్‌లో మలయాళీ కుటుంబాలు ఎక్కువ. కింది ఫ్లాటు మాష్టారింట్లో సోఫాలు గోడవారకు జరిపి చాపలు పరిచారు. పిల్లా పెద్దా అందరివీ పసుపు చొక్కాలే. హైదరాబాద్ పక్షాన నేనూ మావాడూ ఇద్దరమే. తమాషా ఏమిటంటే, ఇవాళ పసుపు చొక్కా మనవాళ్ళకే దక్కింది. కేరళ ఆటగాళ్ళు వేరే రంగులో దిగారు. మాష్టారి వాళ్ళమ్మగారు ఆ సంగతి తెలియక కాసేపు హైదరాబాద్‌కే చప్పట్లు కొట్టారు.

68వ నిమిషంలో కేరళ ఆటగాడు రాహుల్ గోల్ కొట్టగానే ఇల్లు అదిరిపోయింది. ఇక అయిపోయిందనుకుంటుంటే 88వ నిమిషంలో సాహిల్ తవోరా, గాల్లో ఉన్న బంతిని అలాగే బాదాడు. 1-1. అదనపు సమయంలోనూ తేలలేదు. పెనాల్టీల్లో మన గోల్ కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపేశాడు. ఒకటి ఆపితే రిఫరీ చెల్లదని మళ్ళీ కొట్టించాడు, దాన్నీ ఆపాడు! 3-1. కప్పు హైదరాబాద్‌ది.

మావాడు గెంతబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. పక్కనే మాష్టారి అమ్మాయి మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడుస్తోంది. 2014, 2016, ఇప్పుడు ఇది. కేరళ మూడు ఫైనళ్ళకు వచ్చి మూడూ ఓడింది. గెలిస్తే పంచుదామని పాయసం కాచి ఉంచారు. మాష్టారు లోపలికెళ్ళి మొదటి గ్లాసు నాకే తెచ్చిచ్చారు. "గెలిచింది మీరు కదండీ, తీసుకోండి" అన్నారు హిందీలో. తీసుకున్నాను గానీ, నేను గెలిచిందేమిటో?

మార్చి 21, సోమవారం

రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. కట్టిమణి, తవోరా ఇద్దరూ గోవావాళ్ళు. ఆఖరి పెనాల్టీ కొట్టిన నర్జారీ అస్సాంవాడు. కోచ్ మానోలో మార్కెజ్‌ది స్పెయిన్. కోవిడ్ వల్ల సీజనంతా గోవాలోనే జరిగింది. గచ్చిబౌలిలో ఒక్క మ్యాచ్ ఆడకుండానే మనం చాంపియన్లం. లెక్క చూస్తే హైదరాబాద్‌ది పేరొక్కటే. అయినా ఆ పేరు కోసమే నా గుండె అంతసేపు దడదడలాడింది.

సికింద్రాబాద్‌లో నా చిన్నతనం గుర్తొచ్చింది. 1986 జూన్ 29, ప్రపంచకప్ ఫైనల్. మనకు రాత్రి పదకొండున్నరకు మొదలు. మా వాడలో రెండిళ్ళవతల ఈసీ టీవీ ఉండేది, బ్లాక్ అండ్ వైట్. టీవీ కిటికీలో పెట్టి జనాన్నంతా బయట అరుగు మీద కూర్చోబెట్టారు. అర్జెంటీనా 2-0తో ముందుంటే జర్మన్లు చకచకా రెండు కొట్టి సమం చేశారు. మా నోట మాట లేదు. అంతలో మారడోనా అందించిన బంతి తీసుకుని బుర్రుచాగా ఉరికాడు. గోల్! అరుగు మీంచి రోడ్డు మీదికి దూకాం.

ఆ గోలకు ఎదురింటి తాత లేచొచ్చాడు. పోలీసు హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయినవాడు.

"ఏందిర ఈ లొల్లి? అర్జెంటీనా మీ మేనమామ ఊరా?"

"ప్రపంచకప్పు తాతా! మారడోనా!"

"కప్పులు మనకు లేవారా? అయిదేండ్లు వరుసగ రోవర్స్ కప్పు తెచ్చినం. బొంబాయి పోయి తెచ్చినం."

ఆయన ఆడింది లేదు. మైదానంలో బందోబస్తు డ్యూటీ చేశాడంతే. అయినా 'తెచ్చినం' అనే అన్నాడు. మేం నవ్వుకున్నాం. తర్వాత తెలిసింది, ఆయన చెప్పిన ప్రతి అక్షరం నిజం. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 54 దాకా ఏటా రోవర్స్ కప్పు గెలిచింది. 1950లో ఢిల్లీ వచ్చి మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పు తీసుకెళ్ళింది. 54లో, 57లో మళ్ళీ గెలిచింది. 61లో ఆంధ్రా పోలీస్ పేరుతో మరోసారి. వాళ్ళకు ఆట నేర్పింది బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీం. 1962లో జకార్తా ఏషియాడ్ ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చిన భారత జట్టుకు కోచ్ కూడా ఆయనే. అప్పటికే క్యాన్సర్. మరుసటేడు జూన్‌లో పోయారు.

ఇదంతా మా పాఠ్యపుస్తకాల్లో లేదు. తాత ఆ రాత్రి తిట్టకపోతే నాకు తెలిసేదే కాదు.

2022 డిసెంబర్ 19, సోమవారం

రాత్రి ప్రపంచకప్ ఫైనల్లో అర్జెంటీనా గెలిచింది. 3-3, పెనాల్టీల్లో 4-2. ఎంబాపె మూడు గోల్స్ కొట్టినా ఫ్రాన్స్‌కు దక్కలేదు. బెంగాలీలూ మలయాళీలూ కలిసి గేటు దగ్గర బాణసంచా కాల్చారు. మావాడు ఫ్రాన్స్ పక్షం. పొద్దున టిఫిన్ ముట్టలేదు, బడికి మొహం మాడ్చుకుని వెళ్ళాడు. ఓదార్చబోయి మానేశాను. ఓటమికి ఏడవనివాడికి రేపు గెలుపు మాత్రం ఏం రుచిస్తుంది?

2023 ఫిబ్రవరి 17, శుక్రవారం

ఫుట్‌బాల్ ఆటగాడు తులసీదాస్ బలరాం నిన్న కోల్‌కతాలో పోయారు. సికింద్రాబాద్ పక్క అమ్ముగూడలో పుట్టి పెరిగినవాడు. 1956, 60 ఒలింపిక్స్, జకార్తా స్వర్ణం. ఆడింది ఈస్ట్ బెంగాల్‌కు, స్థిరపడింది కూడా బెంగాల్‌లోనే.

సాయంత్రం పార్కులో నడుస్తుంటే రెండో బ్లాకు బెంగాలీ దాదా నన్ను ఆపి, మా ఇంట్లోనే ఎవరో పోయినట్టు చెయ్యి పట్టుకున్నాడు. "మీ ఊరి మనిషి. మా నాన్న ఆయన ఆట చూశాడు" అన్నాడు. ఈస్ట్ బెంగాల్‌లో బలరాం ఎక్కణ్ణుంచి పరుగెత్తుకొచ్చి ఎలా గోల్ కొట్టేవాడో చెప్పుకుంటూ పోయాడు. అన్నీ వాళ్ళ నాన్న నోటివెంట విన్నవే. రాత్రి నా హైదరాబాద్ మిత్రులు ముగ్గురికి ఫోన్ చేశాను. ఇద్దరు "ఎవరాయన?" అన్నారు.

కప్పులు మనమూ గెలిచాం, బెంగాలీలూ గెలిచారు. వాళ్ళు పిల్లలకు చెప్పుకున్నారు, మనం చెప్పుకోలేదు. తేడా అంతే.

2025 నవంబర్ 2, ఆదివారం

హైదరాబాద్ ఎఫ్‌సీ ఢిల్లీకి తరలి వచ్చేసింది. పేరు కూడా మారింది, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ. పేపర్లో చూసి కొన్ని రోజులవుతున్నా ఇవాళ గానీ రాయబుద్ధి కాలేదు. మావాడికి మాత్రం సంబరం. "మన టీం మన దగ్గరికే వచ్చింది నాన్నా, మెట్రోలో వెళ్ళి చూడొచ్చు" అంటాడు. వాడు పుట్టి పెరిగింది ఇక్కడే. వాడి లెక్క వాడిది.

కాసేపాగి అడిగాడు: "అయితే 2022 కప్పు ఇప్పుడు ఢిల్లీదా?"

వెంటనే జవాబు తోచలేదు. తాత బతికుంటే తడుముకునేవాడు కాదు. క్లబ్బును కొనొచ్చు, అమ్మొచ్చు, లైసెన్సు ఇంకో ఊరికి మార్చొచ్చు. డ్యూరాండ్ కప్పు మీద సిటీ పోలీస్ పేరుంటే ఆ జట్టు ఇప్పుడెక్కడుందని ఎవరడుగుతారు? ఆ రోజు ఏ పేరు పెట్టుకుని ఆడారో, ఆ పేరు పట్టుకుని ఎవరు అరిచారో, గెలుపు వాళ్ళది.

మావాడికి అదే చెప్పాను. ఢిల్లీ ఆడితే తప్పకుండా వెళ్దాం, నచ్చితే చప్పట్లు కొడదాం. 2022 కప్పు మాత్రం హైదరాబాద్‌దే. రేపు నీ పిల్లలు అడిగినా ఇదే చెప్పు.